అన్నప్రాశన నాడే ఆవకాయా?

మొన్న సంక్రాంతికి అందరం కొండకర్లలో కలిశాం. మా అత్తవారి ఊరు అది. అనకాపల్లి నుంచి వెళ్తుంటే చెరకు తోటలు, తాటిచెట్లు, ఆ తర్వాత కొండల మధ్య ఆవ కనిపిస్తుంది. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో అంత పెద్ద మంచినీటి సరస్సు ఇదే అంటారు. చలికాలం పిట్టలు దిగుతాయి. రెండు తాటిదోనెలు జతచేసి కట్టి అందులో మనుషుల్ని తిప్పుతారు. పండక్కి వచ్చిన పిల్లలందరికీ ఆ దోనె ఎక్కడమే పెద్ద పండగ.

భోగి మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళు, పిల్లలు ఆవ దగ్గరకి వెళ్ళారు. నేను, మా అత్తమ్మ, మా కోడలు అరుగు మీద కూర్చున్నాం. మా మనవడికి అప్పుడు ఎనిమిదో నెల నిండింది. చాప మీద వాడు, వాడి పక్కన కోడలు ఉడకబెట్టి వేలంత ముక్కలుగా కోసిపెట్టిన చిలగడదుంప. ఒక ముక్క పిడికిట్లో పట్టుకుని, చిగుళ్ళతో చీకి, సగం మొహానికి పూసుకుని, సగం మింగుతున్నాడు. మా అత్తమ్మకి అది అస్సలు నచ్చలేదు. "పళ్ళే రాలేదు గుంటడికి, ముక్కలేటమ్మా? మెత్తగా పిసికి పెట్టొచ్చు కదా" అని రెండు రోజుల నుంచి అంటూనే ఉంది. నాకూ మనసులో అదే ఉంది కానీ, కోడలితో అనలేదు. కొత్త కాలం పిల్ల, చదువుకున్నది, మనకెందుకులే అనుకున్నాను.

ఇంతలో పక్కింటి పిల్లాడు వేరుశెనగ పలుకులు తింటూ వచ్చి కూర్చున్నాడు. నాలుగు పలుకులు చాప మీద పడ్డాయి. మేం ముగ్గురం చూడలేదు. వాడు చూశాడు.

ముందు ఒక దగ్గు వచ్చింది. తర్వాత దగ్గు కూడా రాలేదు. నోరు తెరిచాడు, శబ్దం లేదు. ఏడవాలని చూస్తున్నాడు, ఏడుపు రావడం లేదు. మా అత్తమ్మ "పొలమారింది, పొలమారింది" అంటూ మాడు మీద తట్టబోయింది. నేను నోట్లో వేలు పెట్టబోయాను. కోడలు నా చెయ్యి తోసేసి, పిల్లాణ్ణి తన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో గట్టిగా కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి సగం పలుకు చాప మీద పడింది. తర్వాత వాడు ఏడ్చిన ఏడుపు కంటే తియ్యని శబ్దం నేను నా జన్మలో వినలేదు.

సాయంత్రం అనకాపల్లి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదని చెప్పాక ఇంటికొచ్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఇద్దరు పిల్లల్ని పెంచాను. మా అత్తమ్మ అయిదుగుర్ని పెంచింది. ఆ నిమిషంలో ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలియలేదు. ముక్కలు ఇస్తోందని మేం తప్పుపట్టిన పిల్లకే తెలిసింది. పైగా వాడి గొంతుకి అడ్డం పడింది ఆవిడ ఇచ్చిన ముక్క కాదు, మా నిర్లక్ష్యం.

అప్పట్నుంచి దీని గురించి చదవడం మొదలుపెట్టాను. పాల నుంచి అన్నానికి మన పిల్లలు ఎలా వచ్చారు? ఎవరు ఎప్పుడు ఏం చెప్పారు? నా తరంలో ఏం మారింది? చదివినదీ, మా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఉగ్గుగిన్నె కాలం

మా అత్తమ్మ పెట్టెలో ఇప్పటికీ ఒక ఉగ్గుగిన్నె ఉంది. కంచుది, అరచేతిలో పట్టేంత, ఒకవైపు పిట్టముక్కులా కొస. బియ్యం కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి, ఆ పిండిని పల్చగా కాచి ఇందులో పోసేవారు. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, కొసని పెదవి దగ్గర పెట్టి పోయడమే. "మింగక సత్తాడేటి" అంటుంది మా అత్తమ్మ నవ్వుతూ. ఉగ్గు తర్వాత చోడిపిండి జావ. రాగుల్ని ఇక్కడ చోళ్ళు అంటాం, మా కోడలిది నల్గొండ వైపు, వాళ్ళు తైదలు అంటారు. ఒకే గింజకి మా ఇంట్లో మూడు పేర్లు. జావలోకి అనకాపల్లి బెల్లం ఉండనే ఉంది. ఆ తర్వాత పప్పు అన్నం మెత్తగా పిసికి, చందమామని చూపించి గోరుముద్దలు.

మధ్యలో ఇంకొక మెట్టు ఉండేది, ఇప్పుడు చెప్పుకోడానికి మొహమాటపడతాం. పెద్దవాళ్ళు తమ నోట్లో నమిలి, ఆ ముద్ద పిల్లకి పెట్టడం. "ఆవలో పిట్టలు సూడలేదా, తల్లి నోట్లోది పిల్ల నోట్లోకి" అంది మా అత్తమ్మ. ఇది మన ఊళ్ళ అలవాటే కాదు, ప్రపంచంలో చాలా జాతుల్లో ఉంది. మిక్సీ లేని రోజుల్లో గట్టి తిండి, మాంసం పసిపిల్లకి అందే దారి అదొక్కటే. అయితే పెద్దవాళ్ళ నోట్లో ఉన్న జబ్బులు, పళ్ళు పుచ్చే క్రిములు కూడా ఆ ముద్దతో పిల్లకి వెళ్తాయి. అందుకే ఇప్పుడు వద్దంటారు.

ఇక శాస్త్రం వైపు చూస్తే, మనుస్మృతి, సుశ్రుత సంహిత రెండూ ఆరో నెలలో అన్నప్రాశన చెప్పాయి. నన్ను ఆశ్చర్యపరిచింది కాశ్యప సంహిత. పిల్లల వైద్యం కోసమే రాసిన పాత గ్రంథం అది. నేపాల్లో దొరికిన అసంపూర్ణ ప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. అందులో ఆరో నెలలో ఫలప్రాశన, అంటే పండు పెట్టడం, పదో నెలలో అన్నప్రాశన అని రెండు మెట్లుగా ఉంది. ముందు మెత్తని పండు, తర్వాత ధాన్యం. ఆయుర్వేదం చెప్పిన శిశు సంస్కారాల్లో ఉపవేశనం అని ఇంకొకటి ఉంది, అంటే పిల్లని నేల మీద కూర్చోబెట్టడం. తినేముందు కూర్చోవాలన్న సంగతి పెద్దవాళ్ళకి తెలుసన్నమాట. మరి ఉగ్గుగిన్నె దగ్గరకి వచ్చేసరికి కాళ్ళ మీద వెల్లకిలా ఎందుకు పడుకోబెట్టామో!

సామెత కూడా ఉంది కదా, అన్నప్రాశన నాడే ఆవకాయా అని. దాన్ని మనం తొందరపాటుకి వాడతాం. కానీ అందులో ఇంకో మాట కూడా నాకు వినిపిస్తుంది. అన్నప్రాశన నాడు కాదు సరే, ఆవకాయ ఎప్పుడో ఒకనాడు రావాలి. ఆ రెండింటి మధ్య ఏం జరగాలి? ఆ మధ్య సంగతే నా తరం మర్చిపోయింది.

డబ్బాలు, మిక్సీలు

1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే పాలు, గోధుమ కలిపిన శిశువుల పిండి అమ్మడం మొదలుపెట్టాడు. 1928లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రీమాంట్ ఊళ్ళో గెర్బర్ కుటుంబం వడకట్టిన కూరలు, పళ్ళు డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టింది. వంటింట్లో కూరగాయలు జల్లెడ పట్టి విసిగిపోయిన డొరతీ గెర్బర్ వల్ల ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆ గుజ్జు డబ్బాలు వచ్చాక అక్కడ పిల్లలకి ఘనాహారం మొదలుపెట్టే వయసు తగ్గుతూ వచ్చింది, కొన్ని వారాల పిల్లలకి కూడా పెట్టేశారు. మింగడానికి నమలక్కర్లేదు కదా మరి.

మన దగ్గర ఫారెక్స్ డబ్బా లేని ఇల్లు ఉండేదా? పిండి అయిపోయాక ఆ డబ్బాల్లోనే పోపు సామాన్లు. గేదె పాలతో శిశువుల పాలపొడి ఎలా చెయ్యాలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కనిపెడితే, 1960 ప్రాంతంలో అమూల్ దాన్ని డబ్బాల్లోకి తెచ్చింది. 1960ల్లో సుమీత్ మిక్సీ వచ్చి, ఇరవై ముప్ఫై ఏళ్ళలో రోలు, తిరగలి మూలన పడ్డాయి. మంచిదే, మన నడుములు బతికాయి. కానీ రోట్లో నూరిన పప్పులో ఇంకా పలుకు ఉంటుంది. మిక్సీ తిప్పితే పలుకు అన్నదే ఉండదు.

మా అబ్బాయి పుట్టింది 1992లో. నాలుగో నెల నిండగానే పెట్టెయ్యమన్నారు, పెట్టాను. అప్పటి లెక్క అదే. ఆ ఏడాదే మన పార్లమెంటు పాలడబ్బాలు, పాలసీసాలు, శిశు ఆహారాల ప్రకటనల మీద చట్టం చేసింది. అందులో కూడా శిశు ఆహారం అంటే నాలుగు నెలలు దాటాక పెట్టేది అనే రాశారు. 2001 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలల దాకా తల్లిపాలే చాలని తీర్మానించింది, 2003లో మన చట్టం కూడా ఆరుకి మారింది. కాబట్టి నాలుగో నెలలో పెట్టినందుకు నన్ను నేను తిట్టుకోను. తెలిసినంతలో చేశాను.

నేను బాధపడేది తర్వాత చేసినదానికి. వాడికి ఒకసారి ఎనిమిదో నెలలో ఇడ్లీ ముక్క పెడితే ఓకరించాడు. నా గుండె జారిపోయింది. ఆ రోజు నుంచి అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి మిక్సీలో వేసి తిప్పి పెట్టాను. పళ్ళు రానీ అనుకున్నాను. పళ్ళు వచ్చాయి. దవడ పళ్ళు రానీ అనుకున్నాను. అవీ వచ్చాయి. ఏడాదిన్నర దాటాక ముద్ద పెడితే వాడు నోరు తెరవలేదు. బలవంతంగా పెడితే కక్కేవాడు. అయిదో ఏట బడికి పంపినప్పుడు కూడా డబ్బాలో పెరుగన్నం పిసికి పెట్టాను. ఇప్పటికీ వాడికి మాంసం ముక్క అంటే పడదు, బెండకాయ జిగురంటే పడదు, తినేటప్పుడు గ్లాసుడు నీళ్ళు పక్కన ఉండాలి. "వాడి నాలుక అంతే" అని అందరితో చెప్పేదాన్ని.

అది నాలుక గొడవ కాదని ఇప్పుడు తెలిసింది. 1964లోనే ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్, లిస్టర్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు రాశారు, నమలడం నేర్చుకోడానికి ఒక సరైన కాలం ఉంటుంది, బిడ్డ నమలగలిగే స్థితికి వచ్చినప్పుడు ముక్క ఇవ్వకపోతే తర్వాత నేర్పడం చాలా కష్టమని. 2001లో బ్రిస్టల్ ప్రాంతపు వేలమంది పిల్లల మీద చేసిన పరిశీలనలో, పలుకులున్న తిండి పదో నెల దాటాక మొదలుపెట్టిన పిల్లలకి పదిహేనో నెలలో తిండి దగ్గర పేచీలు ఎక్కువగా కనిపించాయి. అదే పిల్లల్ని ఏడేళ్ళ వయసులో చూసినా, ఆలస్యమైనవాళ్ళు కూరలు, పళ్ళు తక్కువ రకాలు తింటున్నారు. చదువుతుంటే ఎవరో మా ఇంటి కథే రాసినట్టు ఉంది.

మన హైదరాబాదులో, మన నల్గొండలో

ఇదంతా విదేశాల సంగతి, మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదా అంటే, చాలా పట్టించుకున్నారు. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదు వచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. తార్నాకలో ఉన్నది అదే. అప్పట్లో పిల్లల్లో పొట్టలు ఉబ్బి, కాళ్ళు వాచి, జుట్టు రంగు మారే జబ్బు ఎక్కువ. తల్లి పాలు మాన్పించాక సరైన తిండి అందని పిల్లలకి వచ్చేది. మాంసకృత్తులు లేకే ఇది వస్తుందని ప్రపంచమంతా అనుకుంటున్న కాలంలో, డాక్టర్ సి. గోపాలన్ బృందం హైదరాబాదు దగ్గరి పల్లెల పిల్లలకి గోధుమపిండి, పంచదార, నూనెతో చేసిన సుమారు 310 కేలరీల తిండి రోజూ అదనంగా పెట్టి చూసింది. అందులో మాంసకృత్తులు 3 గ్రాములే. పిల్లలు ఎదిగారు. 1973లో అది అచ్చయింది. మన పిల్లలకి మొదటి కొరత ఏ ఖరీదైన పొడో కాదు, కడుపు నిండా తిండే అని తేలింది.

ఆ సంస్థ పేరు మీదే "హైదరాబాద్ మిక్స్" అని ఒక పిండి ఉంది. 40 గ్రాములు గోధుమ, 16 గ్రాములు శనగపప్పు, 10 గ్రాములు వేరుశెనగ, అన్నీ వేయించి పొడి చేసి, 20 గ్రాముల బెల్లం కలపడం. మన ఇంట్లోవే, డబ్బా అక్కర్లేదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీ పథకం మొదలైంది. ఇప్పుడు ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకి అక్కడిచ్చే బాలామృతం నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్టు కూడా ఈ వరసలోదే, వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె. అంగన్‌వాడీల్లో అన్నప్రాశనలు కూడా చేస్తున్నారు.

పిండి సరే. ఎలా తినిపించాలి? దీనికి జవాబు మా కోడలి జిల్లాలోనే వెతికారని తెలిసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. జాతీయ పోషకాహార సంస్థకి చెందిన షెహనాజ్ వజీర్, అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ బెంట్లీ మరికొందరితో కలిసి నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో సుమారు 600 మంది తల్లీపిల్లల్ని తీసుకున్నారు. గ్రామాలని ఇరవయ్యేసి చొప్పున మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో గుంపుకి వాటితోపాటు ఏం తిండి, ఎప్పుడు, ఎంత అన్న సలహాలు. మూడో గుంపుకి ఆ సలహాలతోపాటు ఇంకొకటి. పిల్ల ఆకలినీ, చాలన్న సైగనీ గమనించి, మాట్లాడుతూ, బలవంతం చెయ్యకుండా తినిపించడం, ఆడించడం. శిక్షణ ఇచ్చిన పల్లెటూరి ఆడవాళ్ళే ఇళ్ళకి వెళ్ళి ఇవన్నీ చెప్పారు. బిడ్డ మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా నడిచింది.

ఫలితాలు 2012, 2013 ప్రాంతంలో వచ్చాయి. సలహాలు అందిన రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగ్గా తిన్నారు. రెండో గుంపులో పొట్టిగా మిగిలిపోయే పిల్లలు తగ్గారు. మూడో గుంపులో పిల్లల మానసిక ఎదుగుదల పరీక్షల్లో ఎక్కువ మార్కులు వచ్చాయి. మూడో గుంపులోనే అన్నీ బాగుండాలి కదా అనిపిస్తుంది, పొడుగు విషయంలో అలా రాలేదు. లెక్కలు మనకి నచ్చినట్టు రావు మరి. అయినా ఒక్కటి తెలిసింది. మందు కాదు, డబ్బా కాదు, ఒక మనిషి వచ్చి తల్లి పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెబితేనే పిల్ల తిండి మారింది.

ఆ మాటలు చెప్పేవాళ్ళు ఇంకా ఎంతమందికి అందాలో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలతోపాటు ఘనాహారం మొదలైన పిల్లలు దేశం మొత్తం మీద నూటికి 46 మందే. ఆరు నుంచి ఇరవైమూడు నెలల పిల్లల్లో సరిపడా రకాలు, సరిపడా సార్లు తింటున్నవాళ్ళు నూటికి 11 మంది.

పళ్ళు రాకముందే నమలొచ్చా?

మా అత్తమ్మ ప్రశ్న ఇదే, నా ప్రశ్నా ఇదే. రావచ్చు. పసిపిల్లకి నాలుక బయటికి తోసే అలవాటు పుట్టుకతో ఉంటుంది, ఆరో నెలకి అది తగ్గుతుంది. మెడ నిలబడి, ఆసరాతో కూర్చుని, వస్తువు నోటి దగ్గరకి తెచ్చుకుంటే సిద్ధమైనట్టు. మొదట దవడ పైకీ కిందకీ మాత్రమే ఆడుతుంది. ఎనిమిది తొమ్మిది నెలలకి నాలుక పక్కకి తిరిగి ముక్కని చిగుళ్ళ మధ్యకి తోయడం వస్తుంది. ఏడాది దాటాక దవడ గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. నమిలే దవడ పళ్ళు పదమూడో నెల తర్వాత కానీ రావు. వాటికోసం కాచుకుంటే నేర్చుకునే కాలం దాటిపోతుంది. చిగుళ్ళు మనం అనుకునేంత మెత్తగా ఉండవు, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది!

అందుకని ఆరో నెలలో మెత్తని ముద్ద, జారిపోయే జావ కాదు, చెంచా మీద నిలిచేంత చిక్కగా. ఏడులో మిక్సీ మాని గరిటెతో మెదిపి, పలుకు మిగిల్చి. ఎనిమిదిలో చేత్తో పట్టుకునే మెత్తని ముక్కలు: ఉడికిన గుమ్మడి, చిలగడదుంప, మాగిన అరటిపండు, ఇడ్లీ, ఉడికిన గుడ్డు. మన బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే నలగాలి, అదే పరీక్ష. ఏడాది నిండేసరికి ఇంట్లో అందరూ తినేదే, ఉప్పూ కారం వెయ్యకముందు తీసిపెట్టి. ఎన్నిసార్లంటే, ఎనిమిది నెలల దాకా రోజుకి రెండు మూడు సార్లు, ఆ తర్వాత మూడు నాలుగు సార్లు, తల్లిపాలు మామూలే.

పిల్ల ఓకరిస్తే భయపడకూడదని నేను ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను. పసిపిల్లలకి ఓకరింత వచ్చే చోటు నాలుక మీద బాగా ముందుకి ఉంటుంది. ముక్క గొంతు దాకా వెళ్ళకముందే బయటికి తోసే కాపలా అది. మొహం ఎర్రబడుతుంది, శబ్దం వస్తుంది, తనే సర్దుకుంటుంది. గొంతుకి అడ్డం పడితే శబ్దం ఉండదు. దగ్గు రాదు, ఏడుపు రాదు, పెదవులు నీలమవుతాయి. ఈ రెండింటికీ తేడా తెలియకే నేను మా అబ్బాయికి ముక్క మాన్పించాను.

రెండు మాటలు మనసు కష్టపెట్టుకుని రాస్తున్నాను. ఒకటి తేనె. అన్నప్రాశననాడు నాలుకకి రాయడం మనకి ఉంది. ఏడాది లోపు పిల్లలకి తేనెతో ఒక రకం విషక్రిమి జబ్బు రావచ్చని 1970ల చివర్లో అమెరికాలో తేలింది. ఏడాది నిండేదాకా ఆగుదాం. రెండోది మా అనకాపల్లి బెల్లం. రెండేళ్ళ దాకా తీపి కలపవద్దని ఇప్పటి మాట. హైదరాబాద్ మిక్స్ కాలంలో ఆకలి తీర్చడానికి బెల్లం కలిపారు, అప్పటి అవసరం అది. మా ఇంట్లో జావలోకి ఇప్పుడు మాగిన అరటిపండు మెదిపి వేస్తున్నాం.

గొంతుకి అడ్డం పడేవి

1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు ఊపిరిగొట్టంలో ఇరుక్కున్న పంది ఎముక ముక్కని గొట్టం వేసి తీశాడు. కోత లేకుండా అలా తీయడం అదే మొదలు. తర్వాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ రోగుల గొంతుల్లోంచి, ఊపిరిగొట్టాల్లోంచి తీసిన వస్తువుల్ని దాచిపెట్టాడు. రెండువేల పైచిలుకు గుండీలు, సూదులు, గింజలు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఇప్పటికీ సొరుగుల్లో ఉన్నాయి. మన దేశపు పిల్లల ఆసుపత్రుల్లో ఊపిరిగొట్టంలోంచి తీసే వాటిలో ఎక్కువగా కనిపించేది వేరుశెనగ పలుకు. గుండ్రం, జారుడు, గట్టి, సరిగ్గా ఆ గొట్టమంత. మా చాప మీద పడింది అదే.

వేరుశెనగ మానెయ్యమని కాదు. 2015లో లండన్‌లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకి పసితనంలోనే వేరుశెనగ తినిపిస్తే ఆ అలర్జీ బాగా తగ్గింది. అయితే పొడిగానో, మెత్తని ముద్దని పల్చగా కలిపో పెట్టాలి. పలుకుగా నాలుగైదేళ్ళ దాకా వద్దు. శనగలు, జీడిపప్పు, పచ్చి క్యారెట్, పాప్‌కార్న్ కూడా అంతే. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యాలి. రేగుపండు, నేరేడు, సీతాఫలం గింజ తీసి. తాటి ముంజ మా ఊరి పిల్లలకి ప్రాణం, కానీ గుండ్రంగా జారిపోతుంది, సన్నగా మెదిపి పెట్టాలి. ఆవ చేప పెట్టేటప్పుడు ముళ్ళు చేత్తో రెండుసార్లు వెతకాలి, కంటితో చాలదు. పిల్ల కూర్చునే తినాలి, పాకుతూ, నవ్వుతూ, ఫోను చూస్తూ కాదు. పెద్దవాళ్ళు ఒకరు ఎదురుగా ఉండాలి.

అడ్డం పడితే, బిడ్డ దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి. శబ్దం ఆగిపోతే మా కోడలు చేసిందే. ఏడాది లోపు పిల్లల్ని ముంజేతి మీద బోర్లా, తల కిందికి, దవడకి ఆసరా ఇచ్చి, రెక్కల మధ్య అయిదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకి కాస్త కింద, రొమ్ము ఎముక మధ్యలో అయిదు నొక్కులు. మళ్ళీ అయిదు దెబ్బలు. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. మన హైదరాబాదులోనే 2005లో మొదలైన నంబరు అది. కనపడని ముక్క కోసం వేలు పెట్టకూడదు, లోపలికి నెట్టేస్తాం. నీళ్ళు పొయ్యకూడదు. ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు. పిల్ల తేరుకున్నా డాక్టరుకి చూపించాలి, ముక్క లోపల మిగిలితే దగ్గు, పిల్లికూతలు తర్వాత మొదలవుతాయి. చదివితే సరిపోదు, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నర్సుని అడిగి బొమ్మ మీద ఒకసారి చేసి చూడండి. నేను చేశాను. నా చేతులు మొదటిసారి వణికాయి.

పండగ అయ్యాక ఊరు వదిలే రోజు పొద్దున్న మా అత్తమ్మ ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోమింది. మునిమనవడికి ఇస్తుందేమో అనుకున్నాను. దాన్లో ఉడికిన గుమ్మడికాయ ముక్కలు వేసి చాప మీద వాడి ముందు పెట్టింది. పెట్టేముందు ఒక్కో ముక్కనీ వేళ్ళ మధ్య నొక్కి చూసింది. వాడు ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని, ఓకరించి, ఉమ్మి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి ముందుకి వెళ్ళబోయి ఆగింది. మా కోడలు చూసింది కానీ ఏమీ అనలేదు.

మా అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. "నాకూ ఇలా పెట్టుంటే బాగుండేదేమో కదమ్మా" అన్నాడు నవ్వుతూ. నేను "అవున్రా, తెలీదు" అన్నాను. ముప్ఫై ఏళ్ళలో వాడి దగ్గర ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి. వాడు కిందకి వంగి, గిన్నెలోంచి ఒక గుమ్మడి ముక్క తీసుకుని తను కూడా నోట్లో వేసుకున్నాడు.